థంబ్ ఎనిమిదింటికి, ఇంటికి పదకొండింటికి. ఓటీ అడగొచ్చా?

పట్టుసెక్షన్47:

అందరికీ నమస్తే. విజయవాడలో ఒక పెద్ద చీరల షోరూంలో సేల్స్‌లో చేస్తున్నాను. నాలుగేళ్లయింది. జీతం 14,000. షాపు పేరు రాయను, ఏమనుకోకండి.

పొద్దున 9.30కి హాజరు మిషన్ మీద థంబ్ పడాలి. 9.41 అయితే హాఫ్ డే కోత. ఆ విషయంలో మావాళ్లు నిమిషం కూడా వదలరు. సాయంత్రం ఎనిమిది కాగానే ఫ్లోర్ మేనేజర్ గారు వచ్చి "అమ్మాయిలూ, థంబ్ వేసి రండి" అంటారు. రండి అంటే రేపు రండి అని కాదు. మిషన్ మీద వేలు పెట్టి మళ్లీ కౌంటర్‌లోకి రావాలి. మామూలు రోజుల్లో తొమ్మిదిన్నరకి వదులుతారు. ఈసారి సంక్రాంతికి డిసెంబర్ మధ్య నుంచి భోగి దాకా రోజూ పదిన్నర. వీక్లీ ఆఫ్ కూడా ఎత్తేశారు. మధ్యలో భోజనానికి అరగంట, టీకి రెండుసార్లు పావుగంట. అంతే.

షట్టర్ సగం దించాక వచ్చేవాళ్లని కూడా పంపించరు. ఒకరోజు 9.40కి పెళ్లివాళ్లు ఏడుగురు వచ్చారు. ఓ అరవై పట్టుచీరలు విప్పించారు. చివరికి ఒక చీర, రెండు జాకెట్ ముక్కలు తీసుకున్నారు. వాళ్లని అనను, పెళ్లి చీరంటే అంతే. కానీ పట్టుచీర విప్పడానికి అరనిమిషం చాలు, మడత పెట్టాలంటే మూడు నిమిషాలు. జరీ విరగకూడదు, అంచు మీద అంచు రావాలి, ట్యాగ్ బయటికి కనపడాలి. ఆ అరవై చీరలూ నేను, ఇంకో అమ్మాయి కలిసి మడిచాం. షేర్ ఆటోకి పగలు 30 ఇస్తాను, ఆ టైముకి 80 అడుగుతాడు.

ఓటీ, అదే ఓవర్‌టైం డబ్బుల సంగతి అడిగితే "ఇన్సెంటివ్ ఇస్తున్నాంగా, అదే ఓటీ" అన్నారు. పండక్కి ఇచ్చిన చీర, స్వీట్ బాక్సు కూడా గుర్తు చేశారు.

నా డౌట్లు రెండు. చట్టప్రకారం మాకు ఓటీ వస్తుందా? థంబ్ ఎనిమిదికే పడి ఉంటే మా మాట ఎవరు నమ్ముతారు? ఇంకోటి, నా పదో తరగతి ఒరిజినల్ మెమో వాళ్ల దగ్గరే ఉంది. అదో టెన్షన్.

జీతాల గుమాస్తా:

నేను వేరే కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను కాబట్టి మీది కూడా వేసి చూశాను. 14,000ని నెలలో పనిదినాలు 26తో భాగిస్తే రోజుకి 538, దాన్ని 8తో భాగిస్తే గంటకి 67. ఓటీ రేటు దానికి రెట్టింపు, అంటే 134. మీరు 9.30 నుంచి 10.30 దాకా, ఆ గంట బ్రేక్ తీసేస్తే రోజుకి 12 గంటలు పనిచేశారు. ఆరు రోజులకి 72. వారానికి పరిమితి 48. మిగిలిన 24 గంటలకి 3,216 రూపాయలు. నాలుగు వారాలకి 12,864.

అంటే మీ పండగ నెల ఓటీ దాదాపు ఇంకో నెల జీతం. ఎత్తేసిన వీక్లీ ఆఫ్‌లు ఇందులో కలపలేదు.

ఇన్సెంటివ్ ఎంత అమ్మారన్నదానికి ఇస్తారు. ఓటీ ఎంతసేపు పనిచేశారన్నదానికి. చీర అమ్ముడుపోకపోయినా మీరు నిలబడే ఉన్నారు కదా. ఆ రెండూ ఒకటే అని చెప్పే మేనేజర్లని నేనూ చూశాను. వాళ్లకి తెలియక కాదు.

చిన్న కొట్టు ఓనర్:

అందరూ తిడతారని తెలిసే రాస్తున్నా. మాకు సంక్రాంతి, ఆషాఢం, పెళ్లిళ్లు తప్ప మిగతా నెలలన్నీ అద్దె కట్టుకోవడానికే సరిపోతుంది. సీజన్లో స్టాఫ్ రెండు గంటలు ఎక్కువ నిలబడితేనే కొట్టు నడుస్తుంది. నా దగ్గర ఇద్దరే ఉన్నారు, నేనూ వాళ్లతోపాటే ఉంటాను. ఖాళీ నెలల్లో గిరాకీ లేకపోయినా జీతం ఆపను కదా. ప్రతిదానికీ చట్టం అంటే ఎలా?

పట్టుసెక్షన్47:

అన్నా, మీరు మీ ఇద్దరితోపాటే ఉంటారు. మా ఓనర్ గారిని నేను దీపావళి పూజకి చూశాను, మళ్లీ చూడలేదు. ఉండమంటే ఉంటాం. డబ్బులివ్వమనే అడుగుతున్నాం. అది కూడా కాదు, ఎనిమిదికి థంబ్ ఎందుకు వేయిస్తున్నట్టు? తప్పని తెలుసు కాబట్టే కదా.

పెన్షన్ బాబాయ్:

అమ్మా, చివర్లో నువ్వన్న మాటే అసలు పాయింట్. నేను కార్మిక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. థంబ్ వేయించి పని చేయించడం మా రోజుల్లో లేదు, అప్పుడు రిజిస్టర్‌లో సంతకం పెట్టించి చేయించేవాళ్లు.

మన రాష్ట్రంలో షాపులకి 1988 నాటి చట్టం ఉంది. 2025లో రోజుకి 8 గంటలున్నదాన్ని 10కి పెంచారు. వారానికి 48 మాత్రం పెంచలేదు. "ఇప్పుడు పది గంటలు చేయాలి" అని మీ మేనేజర్ అంటే వారం లెక్క అడుగు. ఇక 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం ఓటీ మామూలు రేటుకి రెట్టింపుకి తగ్గకూడదు. బకాయి అడగడానికి మూడేళ్ల గడువుంది. డబ్బు ఇచ్చామని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిది. ఆడవాళ్లని రాత్రి ఏడు దాటాక ఉంచాలంటే వాళ్ల ఒప్పుకోలు కావాలి.

అయితే ఆ గంటలు పనిచేశానని నువ్వు ఏదో ఒకటి చూపించాలి. థంబ్ నీకు వ్యతిరేకంగా ఉంది, సరే. షోరూముల్లో ప్రతి బిల్లు మీదా సేల్స్ కోడ్ పడుతుంది, ఇన్సెంటివ్ కట్టేది దాన్నిబట్టే. టైము కూడా పడుతుంది. ఎనిమిదికి ఇంటికెళ్లిన అమ్మాయి కోడ్ మీద 9.50కి బిల్లు ఎలా పడిందో వాళ్లే చెప్పాలి. ఆ కోడు, టైము ఉన్న కాగితం ఏదైనా నీ దగ్గరుందా చూడు.

అర్జీ సహాయ కార్మిక అధికారి ఆఫీసులో ఇవ్వాలి. ఏఎల్‌ఓ ఆఫీసంటే చెబుతారు. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద తేదీతో స్టాంపు వేయించుకో. స్టాంపు వేయకుండా "చూస్తాంలే అమ్మా" అంటే కదలకు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. ఫోన్ నంబర్ 15100.

మాజీ సేల్స్:

అక్కా, నేను హైదరాబాద్‌లో ఇదే పని ఆరేళ్లు చేసి మానేశా, కాళ్లలో నరాలు ఉబ్బి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపులో కూర్చునే హక్కుకి చట్టం చేశారు. మా ఫ్లోర్‌లో స్టూలు కస్టమర్ పిల్లలకి మాత్రమే.

నేను చెప్పేది ఒక్కటే. ముందు మెమో తెచ్చుకో, తర్వాతే అర్జీ. నేను ఉల్టా చేశా. నాలుగు నెలలు తిప్పారు. ఇంకోటి, ఒక్కదానివే వెళ్లకు.

పెన్షన్ బాబాయ్:

మెమో మాట నిజం, నాకు తట్టలేదు. తీసేస్తారేమోనన్న భయం కూడా ఉంటుంది. ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీయకూడదు. తీసినా నెల ముందు రాతపూర్వకంగా నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలి. లెక్క రెండు పనిదినాల్లో సెటిల్ చేయాలి. అలా జరగలేదంటే అది ఇంకో కేసు.

పట్టుసెక్షన్47:

బాబాయ్ గారూ, బిల్లు కాగితాలు మా దగ్గర ఉండవు, కస్టమర్ పట్టుకెళ్తారు. అయితే మీరు చెప్పాక ఒకటి గుర్తొచ్చింది. తక్కువ అమ్మినవాళ్లు సిగ్గుపడాలని మేనేజర్ గారు రోజూ రాత్రి వాట్సాప్ గ్రూపులో బిల్లుల లిస్టు పెడతారు. కోడ్, బిల్లు నంబర్, టైము, మొత్తం. ఆయన చేత్తోనే!

నిన్న కూర్చుని అన్నీ వెనక్కి చూశాను. డిసెంబర్ 15 నుంచి భోగి దాకా నా 47 కోడ్ మీద ఎనిమిది దాటాక 83 బిల్లులున్నాయి. ఆ పెళ్లివాళ్లది 10.12కి. చాట్ మొత్తం మా తమ్ముడి మెయిల్‌కి పంపించేశా, గ్రూపులోంచి తీసేసినా పోకుండా.

మెమో తెచ్చుకున్నాను. ఓపెన్ డిగ్రీకి కట్టాలని చెప్పాను. ఆయన బీరువాలోంచి తీసిస్తూ "ఇప్పుడు చదువుతావా" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఐదుగురం వెళ్దామనుకున్నాం. ఒకామెకి ఇంట్లో వద్దన్నారు, ఇంకొకామె మార్చిలో పెళ్లి పెట్టుకుంది, అడ్వాన్స్ కావాలి. మిగిలింది ముగ్గురం. మంగళవారం ఆఫ్, ఆ రోజు వెళ్తాం. అర్జీ మా తమ్ముడు రాశాడు, గుమాస్తా గారి లెక్క అందులో ఉన్నదున్నట్టు పెట్టాం.

ఈరోజు థంబ్ 8.02కి పడింది. ఇది రాస్తోంది 9.50కి, ఆటోలో. ఇంకా ఇద్దరు నిండితే గానీ బయల్దేరడట.