రిపోర్టులన్నీ నార్మల్, దురద మాత్రం తగ్గట్లేదు: ఇంకా కారణం వెతకాలా, ఇక ఆపాలా?

కాకినాడ కోడలు:
మా అత్తగారికి అరవై ఏడేళ్ళు. ఏడాది దాటింది, ఒళ్ళంతా దురద. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు, గోకిన గీతలు తప్ప ఏమీ కనబడదు. పగలు పనిలో పడి కాస్త మర్చిపోతారు గానీ, నడుం వాల్చగానే మొదలు. షుగర్, థైరాయిడ్, లివర్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), బ్లడ్ కౌంట్ అన్నీ నార్మల్. చూసిన డాక్టరు "వయసు, కొంచెం టెన్షన్" అన్నారు. ఇప్పుడు ఇంట్లో రెండు పక్షాలయ్యాం. మా ఆయన హైదరాబాద్ తీసుకెళ్ళి స్కానింగులూ, ఎలర్జీ ప్యానెలూ అన్నీ చేయిద్దామంటారు. ఆ డబ్బూ ఓపికా ముందు ఆవిడకి నిద్ర పట్టే మార్గం మీద పెడదామని నా పట్టు. ఈలోగా ఎవరో చెప్పారని ఆవిడ వంకాయ, గోంగూర, చేపలు, రొయ్యలు అన్నీ మానేశారు. దురద అలాగే ఉంది, మనిషి మాత్రం చిక్కిపోయారు. మీరైతే ఏం చేస్తారు?

నల్గొండ మాస్టారు:
వెతకడం ఆపొద్దమ్మా. నిరుడు నార్మల్ వచ్చిన రిపోర్టు ఈ ఏడాదికి పనికిరాదు. మా బావమరిదికి ముందు దురదే వచ్చింది. మెడ దగ్గర గడ్డలు కొన్ని నెలల తర్వాత కనబడ్డాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అని, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. మొదటి రక్తపరీక్షల్లో ఎవరికీ అనుమానం రాలేదు. మీరు "చిక్కిపోయారు" అన్నారు చూడండి, నాకు అక్కడే గుండె ఆగింది. అది పథ్యం వల్లేనని మీ అంతట మీరు తేల్చేయకండి. రాత్రిళ్ళు చెమటలు, జ్వరం ఉన్నాయేమో అడగండి. టెన్షన్ అని తీసిపారేయడం చాలా తేలిక.

నిద్రలేని రాత్రులు:
మాస్టారూ, మీ ఇంట్లో జరిగింది చదివాక మీ పట్టు అర్థమైంది. కానీ ఏళ్ళ తరబడి దీనితో ఉన్నదాన్ని కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. ప్రతి రిపోర్టు కోసం ఎదురుచూస్తాం. నార్మల్ అని వస్తే సంతోషించాలో ఏడవాలో తెలియదు. అలా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరిగినన్నాళ్ళూ నా దురదకి ఎవరూ సరైన మందు ఇవ్వలేదు. సెట్రిజిన్ రాసి పంపేవారు. మగత వచ్చేది, దురద పోయేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాను, పక్కన కూర్చున్నవాళ్ళు అంటుకుంటుందేమోనని జరిగిపోతారు కదా. చివరికి ఒక చర్మవైద్యురాలు "కారణం దొరికే దాకా ఆగక్కర్లేదు" అని రాత్రి పూట తక్కువ మోతాదులో గాబాపెంటిన్ అనే నరాల మందు మొదలుపెట్టారు. గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం, చంకలకూ గజ్జలకూ తప్ప సబ్బు లేదు, ఒళ్ళు తడిగా ఉండగానే మాయిశ్చరైజర్, దురద ఎక్కువైతే మెంథాల్ లోషన్. దురద పూర్తిగా పోలేదు. నిద్రపోతున్నాను. కోడలు గారూ, మీ మాటే నా మాట.

అమ్మమ్మ వైద్యం:
పథ్యాన్ని మరీ అంత తేలిగ్గా తీసేయకండి. మా ఇంట్లో రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్ళు ఉన్నారు. పెద్దలు ఊరికే అనలేదు. నువ్వులనూనె ఒంటికి పట్టించి నలుగు పెట్టండి.

డెర్మా పీజీ:
రొయ్యల దద్దుర్లు నిజమే. తిన్న కొద్ది నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో, బిళ్ళలు బిళ్ళలుగా తేలతాయి. చర్మం మీద ఏమీ లేకుండా ఏడాదిగా ఉన్న దురదకి వంకాయ కారణం కావడం చాలా అరుదు. ఆవిడని దయచేసి మామూలుగా తిననివ్వండి. నూనె రాయొచ్చు, నలుగు మాత్రం వద్దు, పొడిబారిన చర్మాన్ని ఇంకా రేపుతుంది. ఎలర్జీ ప్యానెల్లో కొన్ని పదార్థాలకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన అవే దురదకి కారణమని కాదు. ఆ కాగితం చూసి సగం వంటిల్లు మానేసిన రోగులను మేం తరచూ చూస్తుంటాం.

ఆరు వారాలు దాటితే దీర్ఘకాలిక దురద అంటాం. మాస్టారి భయంలో న్యాయం ఉంది, బరువు తగ్గడాన్ని వదిలేయకూడదు. మెడ, చంకలు, గజ్జల్లో గడ్డల కోసం చేత్తో చూడాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి. ఐరన్ చూశారా? ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? ఉంటే వేళ్ళ సందుల్లో గజ్జి కోసం వెతకాలి. శుభ్రంగా ఉండే పెద్దవాళ్ళలో గజ్జి పైకి కనబడకుండా మోసం చేస్తుంది. అన్నిటికన్నా ముందు, ఆవిడ వాడే మాత్రల పేర్లన్నీ, ఏది ఎప్పుడు మొదలైందో రాయండి. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీములు సొంతంగా రాయొద్దు. క్లోబెటసాల్ లాంటివి ఒళ్ళంతా రాస్తే చర్మం పల్చబడుతుంది.

ఉద్దానం బిడ్డ:
నాది శ్రీకాకుళం జిల్లా. మా నాన్న డయాలసిస్ మీద ఉన్నారు. ఆయన దురదకి కారణం మాకు తెలుసు, కిడ్నీలు. తెలిసి ఏమైంది? రక్తం వచ్చేదాకా వీపు గోడకేసి రాసుకునేవారు. డయాలసిస్ అయ్యాక ఇచ్చే చిన్న మోతాదు గాబాపెంటిన్‌తో కాస్త తెరిపిన పడ్డారు. కారణం దొరికితే దురద పోతుందనే నమ్మకంతో ఆవిడని రాత్రంతా కూర్చోబెట్టకండి. వెతికేవాళ్ళు వెతకండి, మందు మాత్రం ఈ వారమే మొదలుపెట్టించండి. కిడ్నీ బాగుందన్నారు గనక మోతాదు సంగతి డాక్టరు చూసుకుంటారు. ముసలివాళ్ళకి తూలు వస్తుంది, రాత్రి బాత్రూమ్‌కి లేస్తే పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

నల్గొండ మాస్టారు:
మందు వద్దని నేననలేదు బాబూ. నిద్ర పట్టగానే ఇంట్లోవాళ్ళు ఇక డాక్టరు దగ్గరికి వెళ్ళరు, నా బెంగ అది. మూడు నెలలకోసారి బరువు చూసి, బ్లడ్ కౌంట్ మళ్ళీ చేయిస్తామని మాట ఇస్తే నాకు అభ్యంతరం లేదు.

కాకినాడ కోడలు:
అందరికీ దండాలు. ఈ పోస్టులన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. ఎలర్జీ ప్యానెల్ వద్దనడానికి ఒప్పుకున్నారు, ఎక్స్‌రే, ఐరన్ పరీక్ష రేపే అంటున్నారు. మాస్టారూ, బరువు ఈ రోజు నుంచి క్యాలెండర్ మీద రాస్తాను. పీజీ గారూ, మీరడిగాక మందుల డబ్బా తీసి చూశాం. బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర ఉంది, అది దురదకి కొన్ని నెలల ముందే మొదలైందని మామయ్యగారు అంటున్నారు. ఇది కారణం కావచ్చా?

డెర్మా పీజీ:
కావచ్చు. పెద్దవాళ్ళలో ఆ మందుతో, ఇంకొన్ని బీపీ మందులతో కూడా దురద వస్తుంది. మీరే ఆపేయకండి, బీపీ చూసే డాక్టరుకి ఈ తేదీలు చూపించి వేరేది మార్చమని అడగండి. మార్చిన తర్వాత కూడా దురద తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా రాత్రి మందు గురించి చర్మవైద్యుణ్ణి అడగండి. మాత్ర మార్చిన తేదీ కూడా ఆ క్యాలెండర్ మీదే రాయండి.