నొప్పికి గంజాయిని మందుగా ఒప్పుకోవాలా? మీరేమంటారు

గోదారిగట్టు:
మా నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకి పాకింది. రాత్రి రెండింటికి మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంటారు. పడుకుంటే నడుంలో గునపం దించినట్టు ఉంటుందట. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఇస్తున్నాం, ఆనడం లేదు. మా బావగారు ఆన్‌లైన్‌లో ఏదో తైలం తెప్పించారు. లేబుల్ మీద ఆయుర్వేద లైసెన్స్ నంబరు, 'విజయ' అన్న పేరు. ఆరా తీస్తే భంగు, అంటే గంజాయి ఆకే! నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు. "ఈ వయసులో నాతో గంజాయి తాగిస్తారా" అని సీసా పక్కకి నెట్టేశారు.

నేనడిగేది ఒకటే. 1839లోనే కలకత్తా మెడికల్ కాలేజీలో ఓషానెస్సీ అనే డాక్టరు కీళ్లవాతానికీ ధనుర్వాతానికీ గంజాయి సారం ఇచ్చి చూసి, ఫలితాలు రాశాడు. ఇంగ్లండు డాక్టర్లు దీన్ని పట్టించుకున్నది ఆ తర్వాతే. ఇక్కణ్ణుంచి వెళ్లిన మందు వాళ్లకి పనికొస్తుంటే మనం ఇంకా పేరెత్తడానికే జంకడం ఏంటి? అనుమతించాలనే నా ఓటు.

పాడేరు_అబ్బాయి:
అన్నా, నాన్నగారి సంగతి చదివితే బాధేసింది. కానీ మా కొండల మీంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. 'శీలావతి' రకం గంజాయి పేరు చెబితే దేశమంతా మా ఏజెన్సీ వైపే చూస్తుంది. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన అని వేల ఎకరాల గంజాయి తోటలు నరికారు. మూట మోసి దొరికినవాడు మా ఊరివాడు. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు. పెట్టుబడి పెట్టినవాడు మాత్రం దొరకడు. మందు పేరుతో తలుపు తీస్తే ముందు దూరేది వాడే. నేను వ్యతిరేకం.

కోర్టుమెట్లు:
చట్టం గురించి చిన్న వివరణ. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. బావగారి సీసా అంగట్లోకి వచ్చింది ఆ సందులోంచే. వైద్యానికీ పరిశోధనకీ మినహాయింపు అదే చట్టంలో ఉంది. 2020 డిసెంబర్లో ఐక్యరాజ్యసమితిలో గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసేయడానికి ఓటింగ్ జరిగితే మన దేశం సరేనంది. కాబట్టి గంజాయి 'పూర్తిగా నిషేధం' అని చాలామంది అనుకునే మాటే సరికాదు.

శాన్‌హోసే_శ్రీను:
కాలిఫోర్నియాలో 1996 నుంచే వైద్యానికి ఓకే. అలాగని అదేం మంత్రదండం కాదండీ. నా పాత రూమ్మేట్ నడుం నొప్పికి షాపులో గంజాయి జెల్లీ బిళ్ళలు కొన్నాడు. ఒకటి తిని ముప్పావుగంట చూశాడు, ఏం కాలేదని ఇంకోటి వేశాడు. రెండూ కలిసి ఎక్కాక నాలుగు గంటలు కార్పెట్ మీద పడుకుని "గోడ పట్టుకోరా, పడిపోతోంది" అంటూనే ఉన్నాడు. నడుం నొప్పి మర్నాటికి అలాగే ఉంది. ఇంకోటి, వీసా మీద ఉన్నవాళ్లు జాగ్రత్త. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, గ్రీన్‌కార్డుకి అడ్డం పడొచ్చు.

మత్తుడాక్టరు:
ముందే చెబుతున్నా, నేను ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే డాక్టర్ని. పేరు చూసి అపార్థం చేసుకోవద్దు.

గంజాయి పదార్థాల మీద 2018లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది, క్యాన్సర్ కాని దీర్ఘకాలిక నొప్పుల గురించి. నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్లు మందు తీసుకున్నవారిలో 29 శాతం. పోల్చడానికి ఇచ్చిన ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 26. తేడా మూడే! క్యాన్సర్ నొప్పి మీద నోట్లో కొట్టే గంజాయి స్ప్రేతో పెద్ద ట్రయల్స్ కూడా చేశారు, అవీ గట్టెక్కలేదు. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం నొప్పికి దీన్ని సాధారణంగా వాడమని చెప్పలేమంది.

గోదారిగట్టు గారూ, అసలు నాకు కోపం ఎక్కడంటే, మీరంతా ఒక మొక్క గురించి కొట్టుకుంటుంటే, పని చేస్తుందని తెలిసిన ఇంకో మొక్క పక్కనే ఉంది. కోడికూరలో నూరి వేసే గసగసాల మొక్క. దాని కాయ పాల నుంచి నల్లమందు, అందులోంచి మార్ఫిన్ అనే నొప్పిమందు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. నీమచ్, గాజీపూర్‌లలో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. అయినా 1985 చట్టం తర్వాత ఆసుపత్రులు లైసెన్సుల భయంతో మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సవరించారు, భయం మాత్రం పోలేదు. నాన్నగారికి మార్ఫిన్ మాత్ర ఎవరైనా రాశారా?

గోదారిగట్టు:
లేదు మేడమ్. అది ఆఖరి రోజుల్లో ఇచ్చేది కదా? అలవాటైపోతే?

మత్తుడాక్టరు:
రోజులు లెక్కపెట్టి ఇవ్వరండీ, నొప్పిని బట్టి ఇస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, చూసుకుంటూ పెంచుతారు. నొప్పి ఉన్నవాళ్లకి డాక్టరు చూస్తూ ఇస్తే వ్యసనం అరుదు. ట్రమడాల్‌తో ఆగనప్పుడు తర్వాతి మెట్టు ఇదే.

కోర్టుమెట్లు:
మేడమ్, ఒక చిక్కు. నిషేధం వల్లే సరైన ట్రయల్స్ జరగలేదని, అందుకే రుజువు లేదని గంజాయి వైపువాళ్లు అంటారు. 2017లో అమెరికా జాతీయ అకాడమీలు దీర్ఘకాలిక నొప్పికి గట్టి ఆధారం ఉందనే రాశాయి కదా.

మత్తుడాక్టరు:
రాశాయి, కాదనను. పరిశోధన జరగనివ్వండి, జమ్ములో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్లు చేస్తున్నారు కూడా. నరాల నొప్పికి కొంచెం పనికొస్తే సంతోషమే. కానీ ఆ ఫలితం వచ్చేదాకా ఈయన మంచం పట్టె పట్టుకుని కూర్చోవాలా?

పాడేరు_అబ్బాయి:
మార్ఫిన్ సంగతి ఒప్పుకుంటా. ఫ్యాక్టరీ నుంచి రిజిస్టర్ దాకా లెక్క ఉంది కాబట్టి. మా తోటలకి ఆ లెక్క ఎవరు పెడతారో చెప్పండి, అప్పుడు గంజాయి గురించీ మాట్లాడతా.

గోదారిగట్టు:
ఇవాళ మా టౌన్లో ఐదు మెడికల్ షాపులు తిరిగా. మార్ఫిన్ అనగానే ఒకాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. హైదరాబాద్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో పాలియేటివ్ కేర్, అంటే నొప్పీ బాధా తగ్గించే వైద్యం ఉందని తెలిసింది, సోమవారం తీసుకెళ్తున్నా. బావగారి సీసా ఫ్రిజ్ మీదే ఉంది, మూత తియ్యలేదు.

మత్తుడాక్టరు:
మంచిది. పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి, ముఖ్యంగా కిడ్నీ రిపోర్టు. మార్ఫిన్ రాస్తే విరేచనం మందు కూడా రాశారో లేదో చూసుకోండి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, చాలామంది ఆ ఇబ్బందికే మాత్ర మానేస్తారు.