నైట్లీలో సేవ్ చేసిన ఆట 14.1లో తెరుచుకోవట్లేదు, ఏమైనా దారి ఉందా? (ఓపెన్‌టీటీడీ)

డోర్నకల్_జంక్షన్:

అందరికీ నమస్తే. మాది మహబూబాబాద్ జిల్లా, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. రెండేళ్ళుగా ఓపెన్‌టీటీడీ (రైళ్ళు, బస్సులు నడిపే ఉచిత కంప్యూటర్ ఆట) ఆడుతున్నా, ఎప్పుడూ ఇలా ఇరుక్కోలేదు.

నేనూ మా చెల్లీ కలిసి వేసవి సెలవుల నుంచి ఒకే మ్యాప్ కడుతున్నాం. 1950లో మొదలుపెట్టి 1987 దాకా వచ్చాం. ఊళ్ళ పేర్లన్నీ మార్చి మన లైనే పెట్టుకున్నాం. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, డోర్నకల్, ఖమ్మం, మధిర, విజయవాడ. డోర్నకల్ దగ్గర పక్కకు చీలి కొత్తగూడెం బొగ్గు లైను. సిగ్నళ్ళు, స్టేషన్ పేర్లు చెల్లి పని. బండ్లు, ఆర్డర్లు నా పని.

పోయిన శనివారం ఫ్రెండ్ ఒకడు నైట్లీ బిల్డ్ (రోజూ రాత్రి తయారయ్యే పరీక్ష వెర్షన్) వేసుకోమన్నాడు. జిప్ దింపి, జాగ్రత్తగా వేరే ఫోల్డర్‌లోనే విప్పా. పాత సేవ్ చక్కగా తెరుచుకుంది. మూడు గంటల పైనే ఆడాం. అలవాటు కొద్దీ అదే పేరు మీద సేవ్ కొట్టా. ఆ తర్వాత ఒక బొగ్గు బండిని క్లోన్ చేయబోతే (అచ్చం అలాంటిదే ఇంకోటి కొనబోతే) ఆట ఒక్కసారిగా మూసుకుపోయింది. మళ్ళీ తెరిచి అదే చేస్తే మళ్ళీ అంతే. ఇక లాభం లేదని నా పాత స్టేబుల్ (పరీక్షించి విడుదల చేసిన) వెర్షన్ 14.1కి వస్తే, ఈ సేవ్ ఇంతకంటే కొత్త వెర్షన్‌లో చేసిందంటూ తెరవట్లేదు. ఆటోసేవ్‌లు పదహారూ చూశా, ఒక్కటీ తెరుచుకోలేదు. వేరే ఫోల్డర్‌లో పెట్టాను కదా, పాతవాటి జోలికి ఎలా వచ్చింది? చెల్లి రెండు రోజుల నుంచి సరిగ్గా మాట్లాడట్లేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.


గేటు_నంబర్_42:

బ్రదర్, అందుకే నైట్లీ వద్దనేది. ఆ రాత్రికి కోడ్ ఎలా ఉంటే అలా బిల్డ్ అయి వచ్చేస్తుంది, అంతా ఆడి చూసి వదిలింది కాదు. కొత్తవి ముందే చూడాలని ఉంటే బీటా గానీ, ఆర్‌సీ (విడుదలకు ముందు వచ్చే చివరి పరీక్ష వెర్షన్) గానీ వచ్చేదాకా ఆగు. నేనైతే ఆర్‌సీ తప్ప ముట్టను. పాత సేవ్ కాపీ లేకపోతే కొత్త మ్యాప్ మొదలుపెట్టుకోవడమే.


ఇల్లందు_నెట్_సెంటర్:

తమ్ముడూ, కొత్త మ్యాప్ మొదలుపెట్టకు. నీ ఆట ఎక్కడికీ పోలేదు. ముందు ఆ 1987 సేవ్‌నూ, ఆటోసేవ్ ఫోల్డర్ మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాత మిగతాది చదువు.

ఓపెన్‌టీటీడీలో సేవ్ ముందుకే వెళ్తుంది, వెనక్కి రాదు. ప్రతి సేవ్ ఫైలు మొదట్లో ఒక నంబర్ రాసి ఉంటుంది. ఆటలో కొత్తగా ఏదైనా దాచుకోవాల్సి వచ్చి సేవ్ అమరిక మారినప్పుడల్లా ఆ నంబర్ పెంచుతారు. పాత నంబర్ ఉన్న సేవ్‌ను కొత్త వెర్షన్ తెరిచి, తనకు తగ్గట్టు మార్చుకుంటుంది. 1995లో వచ్చిన, ఈ ఆటకు మూలమైన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ సేవ్‌లను కూడా చదువుతుంది, అంత వెనక్కి చూసుకుంటారు వాళ్ళు. కానీ 14.1కి తను తయారైన రోజు తర్వాత పుట్టిన నంబర్ ఏం తెలుస్తుంది? తెలియని దాన్ని సగం సగం చదివి పాడుచేయడం కంటే తెరవనని చెప్పడమే నయం. కొందరు "నేను నైట్లీలో సేవ్ చేస్తే స్టేబుల్‌లో తెరుచుకుందే" అంటారు. వాళ్ళు ఆడిన నాటికి ఆ నంబర్ ఇంకా మారలేదన్నమాట. దాన్ని నమ్ముకోకూడదు.

అందుకే వెనక్కి 14.1కి రావాలని చూడకు. ఈరోజు నైట్లీ దింపి అందులో తెరువు. శనివారం క్రాష్ అయింది ఈపాటికి సరిచేసి ఉండొచ్చు. సరిచేయకపోయినా, క్లోన్ నొక్కకుండా కొత్త బండి కొని ఆర్డర్లు చేత్తో ఇచ్చుకుంటే ఆట నడుస్తుంది. తర్వాత వచ్చే పెద్ద స్టేబుల్ ఈ సేవ్‌ను మామూలుగా తెరుస్తుంది.

ఇక వేరే ఫోల్డర్ సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు, నేనూ తిన్నాను. నువ్వు వేరు చేసింది ప్రోగ్రామ్‌ను మాత్రమే. విండోస్‌లో సేవ్‌లు, సెట్టింగులు, దింపుకున్న న్యూజీఆర్ఎఫ్‌లు (ఆటకు కొత్త బండ్లు, బొమ్మలు జతచేసే ఫైళ్ళు) అన్నీ డాక్యుమెంట్స్‌లోని ఓపెన్‌టీటీడీ ఫోల్డర్‌లో ఉంటాయి. నీ దగ్గరున్న రెండు ఆటలూ ఆ ఒక్క ఫోల్డర్‌నే వాడుకుంటాయి. ఇళ్ళు రెండైనా వంటిల్లు ఒకటే. ఆటోసేవ్ మామూలుగా పది నిమిషాలకోసారి పడుతుంది, పదహారు నిండాక మొదటిదాని మీద మళ్ళీ రాస్తుంది. అంటే రెండు గంటల నలభై నిమిషాలు ఆడితే పాతవి ఒక్కటీ మిగలదు. నువ్వు మూడు గంటల పైనే ఆడావు.

దీనికి మందు చాలా చిన్నది. నైట్లీ విప్పిన ఫోల్డర్‌లో ఓపెన్‌టీటీడీ డాట్ సీఎఫ్‌జీ అనే పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టు. ఆ ఫోల్డర్‌లోంచి ఆట మొదలుపెడితే అది కనబడగానే సేవ్‌లు, సెట్టింగులు అన్నీ అక్కడే పెట్టుకుంటుంది, డాక్యుమెంట్స్ జోలికి రాదు. నోట్‌ప్యాడ్‌లో చేస్తే మాత్రం విండోస్ చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించి దాన్ని దాచేస్తుంది. వ్యూలో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్ పెట్టి, తోక ఉంటే తీసెయ్. మా సెంటర్‌కు వచ్చే పిల్లల్లో సగం మంది ఇక్కడే ఆగిపోతారు.

గేటు బ్రదర్ చెప్పినదాంతో నాకు పేచీ లేదు. ఆర్‌సీలు ఆడటం మంచిదే. కానీ ఆర్‌సీ ఆర్‌సీలా వచ్చేదాకా రోజూ ఎవరో ఒకరు నైట్లీ ఆడి, ఇదిగో ఇక్కడ విరుగుతోంది అని చెబుతూ ఉండాలి. ఈ ఆటకు జీతమిచ్చి కూర్చోబెట్టిన టెస్టర్లు లేరు. 2004 నుంచి ఇది బతికింది ఖాళీ దొరికినప్పుడు రాసేవాళ్ళ వల్లా, ఆడి చెప్పేవాళ్ళ వల్లా. నాకు కోడ్ రాయడం రాదు. పన్నెండేళ్ళుగా ఇల్లందులో జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నా. రాత్రి షట్టర్ దించాక గంటసేపు నైట్లీ ఆడతాను. నా వంతుగా నేను చేయగలిగింది అదే, దాన్ని శ్రద్ధగానే చేస్తాను.

ఎలా చేస్తానో ఒక్కటి చెప్తా. ఒకసారి నా మ్యాప్‌లో డిపోలోకి సర్వీసింగ్‌కు వెళ్ళిన బండ్లు కొన్ని బయటికి రావడం మానేశాయి. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. ఊరికే లోపల నిలబడిపోయేవి. నా సిగ్నళ్ళలో తప్పుందేమోనని రెండు రాత్రులు పట్టాలు పీకి మళ్ళీ వేశాను. నేను దింపిన జిప్‌లు పారేయను, ఒక లెడ్జర్‌లో తేదీ, ఆ రోజు ఏం ఆడానో రాసుకుంటా. బాగా నడిచిన చివరి రోజుకూ నిలబడిపోయిన రోజుకూ మధ్య 32 జిప్‌లు ఉన్నాయి. అదే సేవ్‌ను మధ్యలో ఉన్న జిప్‌తో తెరిచా. బాగుంది. అంటే చెడింది తర్వాతి పదహారులో. మళ్ళీ మధ్యది. ఐదోసారికి ఫలానా రాత్రి నుంచి అని తేలిపోయింది. ఆ రెండు తేదీలూ, సేవ్ ఫైలూ పెట్టి రాస్తే, మూడో రోజు నైట్లీలో డిపో తలుపులు తెరుచుకున్నాయి. బండ్లు వరసగా బయటికి వస్తుంటే చూస్తూ కూర్చున్నా ఆ రాత్రి.

నువ్వూ రాయి. క్రాష్ అయినప్పుడు డాక్యుమెంట్స్‌లోని ఓపెన్‌టీటీడీ ఫోల్డర్‌లో "క్రాష్" అని మొదలయ్యే ఫైళ్ళు పడి ఉంటాయి. లాగ్, డంప్, ఆ క్షణంలో ఆట ఉన్న స్థితి సేవ్‌గా, ఇంకా స్క్రీన్ బొమ్మ. వాటిని ఒక్క జిప్ చేసి గిట్‌హబ్‌లో (ఈ ఆట కోడ్ ఉండే సైటు) ఇష్యూగా, అంటే ఫిర్యాదుగా పెట్టాలి. వాళ్ళు అడిగేవి నాలుగే. ఏ వెర్షన్, ఏం జరగాలి, ఏం జరిగింది, మళ్ళీ జరిపించాలంటే వరసగా ఏం నొక్కాలి. వెర్షన్ కిటికీ పైన పట్టీలోనే ఉంటుంది. తేదీ, మాస్టర్, ఆ తర్వాత అక్షరాలూ అంకెలూ కలిసిన ముక్క. మొత్తం ఎక్కించు, ఒక్క అక్షరం కూడా వదలకు. ఇంగ్లీషు సరిగ్గా రాదని ఆగొద్దు. నేను రాసేవి మూడేసి మాటల వాక్యాలే. వాళ్ళకు కావలసింది క్రమం. ముందు, ఇదే క్రాష్ ఎవరైనా రాశారేమో వెతికి చూడు.


డాలస్_గుంటూరు:

అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. నేనూ మా బాబాయి కొడుకూ శనివారం రాత్రుళ్ళు కలిసి ఆడతాం. నాకు రాత్రి, వాడికి ఆదివారం పొద్దున. నెట్‌వర్క్ ఆటలో ఇద్దరి దగ్గరా అచ్చంగా ఒకే బిల్డ్ ఉండాలి. నా దగ్గర నిన్నటిదీ వాడి దగ్గర ఈరోజుదీ ఉంటే సర్వర్ లోపలికే రానివ్వదు. అందుకే మేం శుక్రవారం ఒక జిప్ ఎంచుకుని, ఆ ఫైలునే వాడికి పంపిస్తా. ఇద్దరూ ఎవరికి వాళ్ళు దింపుకోవడం మానేశాక గొడవ లేదు. మధ్యలో డీసింక్ (ఇద్దరి ఆటలూ ఒకదానికొకటి తేడా పడటం) వచ్చినా, తేడా బిల్డ్ వల్ల కాదని ముందే తెలిసిపోతుంది.


డోర్నకల్_జంక్షన్:

అక్కా, చాలా చాలా థాంక్స్. ముందు కాపీ చేశాకే చదివాను. డాక్యుమెంట్స్ సంగతి నిజంగా తెలియదు. నైట్లీ ఫోల్డర్‌లో ఖాళీ సీఎఫ్‌జీ పెట్టా, మీరన్నట్టే తోక తగిలింది, తీసేశా. మొదటిసారి తెరిస్తే ఊళ్ళన్నీ ఉన్నాయి గానీ న్యూజీఆర్ఎఫ్‌లు దొరకట్లేదని చెప్పింది. అవి కూడా కాపీ చేయాలా?


ఇల్లందు_నెట్_సెంటర్:

అవును తమ్ముడూ, రాయడం మర్చిపోయాను. ఇప్పుడు దానికి వేరే వంటిల్లు కదా. డాక్యుమెంట్స్‌లోని కంటెంట్ డౌన్‌లోడ్ ఫోల్డర్‌ను అలాగే నైట్లీ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్. కాపీ అన్నాను, కట్ చేయకు, 14.1కి అవి అక్కడ కావాలి. న్యూజీఆర్ఎఫ్‌లు లేకుండా తెరిచిన ఆటను మాత్రం సేవ్ చేయకు. సేవ్‌లకు పేరు ముందు "నై" అనీ, తేదీ అనీ పెట్టుకుంటే ఏది ఎక్కడిదో చూడగానే తెలుస్తుంది.


డోర్నకల్_జంక్షన్:

వారం తర్వాత రాస్తున్నా. న్యూజీఆర్ఎఫ్‌లు కాపీ చేశాక మ్యాప్ మొత్తం యథాతథంగా తెరుచుకుంది. బొగ్గు బండ్లు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచే కదిలాయి. చెల్లిని పిలిచి చూపించా. ఏమీ అనకుండా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

క్లోన్ నొక్కితే కొత్త నైట్లీలో కూడా క్రాష్ అయింది. ఏ బండినైనా క్లోన్ చేస్తే కాదని కనిపెట్టింది చెల్లే. గ్రూపులో పెట్టిన బండి అయి ఉండి, ఆ గ్రూపు కిటికీ తెరిచి ఉంటేనే. ఆరుసార్లు చేసి చూసింది, ఆరుసార్లూ అంతే. అదే వరసలో నాలుగు వాక్యాలు రాసి, జిప్ జతచేసి ఇష్యూ పెట్టాం. మొదట వచ్చిన జవాబు, మా సేవ్‌తో వాళ్ళ దగ్గర కూడా క్రాష్ అయింది అని. నిన్నటి నైట్లీలో సరిచేశారు. రాత్రి గ్రూపు కిటికీ తెరిచి పెట్టుకునే మూడు బండ్లు క్లోన్ చేశాం.

చెల్లి పాత పెన్‌డ్రైవ్‌లో 1979 నాటి సేవ్ కూడా ఒకటి దొరికింది. అది 14.1లో మామూలుగా తెరుచుకుంటోంది, దాన్ని అలాగే దాచాం. ఆడుతున్నది మాత్రం నైట్లీలోనే. మీలాగే మేమూ లెడ్జర్ పెట్టాం, అది చెల్లి దగ్గరుంది, తేదీలు తనే రాస్తోంది.

ఇప్పుడు 1989లో ఉన్నాం. కొత్తగూడెం నుంచి బొగ్గు బండ్లు 22 తిరుగుతున్నాయి. అవి డోర్నకల్‌లో మెయిన్ లైన్ దాటేచోట ఎక్స్‌ప్రెస్‌లు ఆగిపోతున్నాయి. అది సిగ్నళ్ళ ప్రశ్న కాబట్టి స్క్రీన్‌షాట్‌తో విడిగా అడుగుతా.