సమస్య: కాలు మోపిన వెంటనే గానమాగె

నిర్వాహకులు:
ఛందస్సు తేటగీతి. షరతు ఒకటే. కొత్తకోడలు గడపలో కాలు మోపగానే నాదస్వరం ఆగిందన్న పూరణలు వద్దు, ఇప్పటికే రెండు వచ్చాయి. ఇక్కడ కాలు మోపేది ఇంట్లో అతికించుకున్న ఫజ్ పెడల్ మీద, అంటే గిటారు శబ్దాన్ని గరగరలాడించే, కాలితో నొక్కే పెట్టె మీద. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్ళు తెచ్చిన ఫజ్ ఫేస్ తరహాది అనుకోండి: రెండు ట్రాన్సిస్టర్లు, 9 వోల్టుల బ్యాటరీ. ‘మోపిన వెంటనే’ అన్న మాట గమనించండి. మోపకముందు పాట వస్తోందంటే గిటారు, తీగలు, యాంప్లిఫయర్ అన్నీ బాగున్నట్టే. లోపం పెట్టెలోనే చూపించాలి.

టంకం:
మూడు కాళ్ళలో నడుమది ముట్టకుండ
చివరి రెండును తిరగేసి సెగను బెట్ట
పెడలు బొమ్మయై కూర్చుండె పెదవి మూసి
కాలు మోపిన వెంటనే గానమాగె

నిర్వాహకులు:
గణాలు, యతులు శుభ్రం. ‘సెగను బెట్ట’ బాగా పడింది. చదునుభాగం మనవైపు పెట్టి చూస్తే బీసీ 547 ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్ళు ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 3904కి సరిగ్గా ఎదురు. ఒకదాని బదులు ఇంకొకటి వేసినప్పుడు జరిగేది మీరు చెప్పిందే. నా పేచీ మూడో పాదంతో. తిరగబడ్డ ట్రాన్సిస్టర్ కూడా కాస్తో కూస్తో పనిచేస్తుంది, గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే శక్తి, మాత్రం పడిపోతుంది. శబ్దం సన్నబడటమో, తునకలు తునకలుగా రావడమో ఎక్కువ. పెదవి పూర్తిగా మూసుకోదండీ.

రెండోతంత్రి:
ఎఱ్ఱ దీపము వెలుగగ నెడద పొంగె
దారి వేరంట దానిది, ధ్వనిది వేరు
మీట కడ నూడె నొక తీగ మీసమంత
కాలు మోపిన వెంటనే గానమాగె

నిర్వాహకులు:
ఇదీ పూరణంటే. ఫుట్ స్విచ్ అడుగున మూడేసి చొప్పున తొమ్మిది కాళ్ళు. ఒక వరుస ఎల్‌ఈడీదే, పాటకు దాంతో పనిలేదు. దీపం వెలిగితే బ్యాటరీ, దాని కనెక్షన్ బాగున్నాయనే అర్థం, అంతకుమించి ఏమీ కాదు. రెండో పాదంలో ఆ మాటంతా ఇమిడింది. గ్రాంథికం నడుమ ‘వేరంట’ ఒక్కటీ వాడుక మాట. ఉంచెయ్యండి, అందంగానే ఉంది.

పాతరేడియో:
మసక టంకమ్ము లోపల మాట దాచె
కుదుపు తగిలిన ప్రతిసారి మూగబోయె
వేలు నొక్కిన బలికెను వేణువట్లు
కాలు మోపిన వెంటనే గానమాగె

రెండోతంత్రి:
రెండో పాదంలో యతి పోయింది గురువుగారూ. ‘కు’కి ‘మూ’ కుదరదు. ‘గొంతు పూడె’ అంటే సరిపోతుంది.

నిర్వాహకులు:
నేనూ అదే అనబోతున్నాను. వేలికి పలికి కాలికి ఆగడం, సమస్యను ఎవరూ ఇంత ఒడుపుగా తిప్పలేదు. డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం, చేసేది అచ్చంగా ఇదే: బోర్డు వంగితే తెగుతుంది, నొక్కితే అంటుతుంది. కాని ఫజ్ పెడల్ వేణువులా పలకడమేమిటి? అలా పలికితే అదీ రిపేరుకే పోవాలి.

పాతరేడియో:
‘గొంతు పూడె’ తీసుకున్నాను. మూడో పాదం ఇలా మార్చాను:
వేలు నొక్కిన బలికెను వేయి తేంట్లు

నిర్వాహకులు:
తేనెపట్టు కదిలినట్టే ఉంది, ఒప్పుకున్నాను. ఇంతకీ ఆ మసక టంకం ఎక్కడ?

పాతరేడియో:
ముందు మీటరు పెట్టాను. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 4.5 వోల్టుల చుట్టుపక్కలే ఉంది, బయాస్‌కి, అంటే ట్రాన్సిస్టర్ పనిచేయడానికి కావలసిన వోల్టేజి అమరికకి, వంక పెట్టడానికి లేదు. తరవాత 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని ఒక తీగకు అతికించి, యాంప్లిఫయర్‌కి కలిపి ఒక్కో చోటా తాకిస్తూ వెళ్ళాను. కలెక్టర్ దగ్గర పలికింది, అవుట్‌పుట్ కెపాసిటర్ దాటాక లేదు. దాని రెండో కాలే. పాత టంకం పీల్చేసి కొత్తది వేశాను.