ఎగిరే గారెకు స్లిప్ క్యాచ్: ఈ ఫొటో ఎలా తియ్యాలి?

గుణుపురం టిఫిన్ కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గుణుపురం. బజారులో మా బాబాయికి చిన్న టిఫిన్ హోటల్ ఉంది. పొద్దున్న కౌంటర్లో కూర్చుంటాను, సాయంత్రం కెనాన్ 1500డి మెడలో వేసుకుని వంశధార గట్టు మీద తిరుగుతాను. ఉన్నది కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ ఒక్కటే, ఫ్లాష్ లేదు. ఇక్కడి కుర్రాళ్ల క్లబ్బొకటి ఫొటోల పోటీ పెట్టింది. అందులో ‘సరదా యాక్షన్’ అని ఒక విభాగం. సీను మనమే కట్టుకోవచ్చట. కానీ కంప్యూటర్లో ఏదీ కలపకూడదు, ఏదీ చెరపకూడదు.

నా ఐడియా ఇదీ. బాబాయి మూకుడు దగ్గర నిలబడి చిల్లుల గరిటెతో గారెని ఎగరేస్తాడు. మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, కాలేజీ టీములో వికెట్ కీపర్. వాడు పక్కకి డైవ్ కొట్టి, చేతిలో ప్లేటుతో దాన్ని అందుకుంటాడు. వెనక బల్ల మీద కూర్చున్నవాళ్లు ఏమీ పట్టనట్టు టీ తాగుతుంటారు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం హోటల్ లోపలే మొదలుపెట్టాం. ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుని పట్టే శక్తి, 3200కి పెంచినా షట్టరు వేగం 1/60 సెకను దాటలేదు. గారె సాగిపోయి సొరకాయలా వచ్చింది. ఒక ఫొటోలో గారె ఉంటే తమ్ముడు లేడు. తమ్ముడు ఉన్నదాంట్లో గారె అప్పటికే నేల మీద. వరసగా ఫొటోలు కొట్టే బరస్ట్ పెట్టినా అదే కథ. కెమెరా వాడి మొహం వదిలేసి గోడ మీది ఒడియా ధరల బోర్డును బ్రహ్మాండంగా ఫోకస్ చేసింది, ఇడ్లీ రేటు కూడా చదవచ్చు. ఇంతలో పిన్ని వచ్చి "ఏటిరా, తిండితో ఆటలేటి?" అని గారెల గిన్నె పట్టుకుపోయింది.

గడువు ఇంకా పది రోజులుంది. ఎవరి దగ్గరైనా మంచి కెమెరా అడిగి తెచ్చుకోవాలా?

పర్లాకిమిడి పెళ్లిళ్ల ఫొటోలు:

తమ్ముడూ, కెమెరాని ఏమీ అనకు, పాపం. ముందు మీరంతా లోపల్నించి అరుగు మీదకి రండి. పొద్దున్న ఏడు దాటాక, ఎండ నేరుగా పడని వెలుతురులో లెన్స్ రంధ్రం ఎఫ్ 5.6, ఐఎస్ఓ 1600 పెట్టుకుంటే షట్టరు 1/1000కి అటూ ఇటూగా వస్తుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే గారె 1/60లో మూడు సెంటీమీటర్ల పైన కదిలిపోతుంది. అదే నీ సొరకాయ. 1/1000లో కదిలేది రెండు మిల్లీమీటర్లే.

బరస్ట్‌ని నమ్ముకోకు. నీ కెమెరా సెకనుకు మూడే తీస్తుంది. పైకి విసిరిన వస్తువు తన శిఖరానికి ఐదు సెంటీమీటర్ల లోపల ఉండేది సెకనులో ఐదో వంతు. సెకనులో మూడో వంతుకొకసారి కొట్టే షట్టరు ఆ ఐదో వంతును దాటేసి పోవచ్చు. ఒక్కటే నొక్కు, గారె పైకి చేరి ఆగబోతున్నప్పుడు నొక్కు. డైవ్ కూడా అంతే, ఒళ్లు గాల్లో తేలే క్షణం దాని పైభాగంలోనే ఉంటుంది.

ఫోకస్‌కి, తమ్ముడి మొహం రావాల్సిన చోట ఎవరినైనా నిలబెట్టి ఫోకస్ చేసి, లెన్స్ పక్కనున్న స్విచ్‌ని ఎంఎఫ్‌కి, అంటే కెమెరా తనంతట తాను ఫోకస్ మార్చని వైపుకి, జరుపు. ఆ తర్వాత నువ్వూ కదలకు, జూమూ ముట్టుకోకు.

మూకుడులో నూనె వద్దు, చల్లారిన నూనె కూడా వద్దు. పొయ్యి ఆర్పెయ్యండి. నేల మీద ఒక్క చుక్క పడినా డైవ్ కొట్టేవాడి మోచెయ్యి పోతుంది. పెళ్లిళ్లలో జారిపడ్డవాళ్లని బోలెడుమందిని చూశాను, అందుకే చెబుతున్నా.

రాయగడ మెకానిక్:

ఇంత లెక్కెందుకు బ్రదర్? గారెకి చిల్లు ఉండనే ఉంది కదా, గేలం దారం కట్టి పైనుంచి వేలాడదీసెయ్. డైవ్ ఒక్కటి చూసుకుంటే చాలు.

బరంపురం డ్రాయింగు మేష్టారు:

మెకానిక్ గారూ, దారం కనిపిస్తుంది, చెరిపితే పోటీలోంచి పోతాడు. పైగా వేలాడే గారె వేలాడుతున్నట్టే ఉంటుంది.

దారాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 1948లో ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫొటోగ్రాఫరు, డాలీ అనే చిత్రకారుణ్ణి గాల్లోకి ఎగిరించి ఒక ఫొటో తీశాడు. మూడు పిల్లులు, బకెట్ నీళ్లు, కుర్చీ, అన్నీ గాల్లోనే. పిల్లుల్నీ నీళ్లనీ సహాయకులు విసిరారు, కుర్చీని ఆయన భార్య పట్టుకుంది, బొమ్మలు గీసే స్టాండు తీగలకు వేలాడింది. ఇరవై ఎనిమిది సార్లు చేస్తే గానీ కుదరలేదు. ప్రతిసారీ నేల తుడవడం, పిల్లుల్ని పట్టుకురావడం! తర్వాత ఆ తీగల్ని చెరిపారనుకోండి, మీ క్లబ్బువాళ్లయితే ఆయన్నీ తీసేసేవారు.

బాబూ, నీ అసలు చిక్కు గరిటె. దాంతో ఎగరేస్తే గారె ఒక్కోసారి ఒక్కో దిక్కుకి పోతుంది. బాబాయి గరిటె పైకెత్తి అప్పుడే విసిరినట్టు నిలబడితే చాలు. నిజంగా విసిరేవాళ్లు ఫ్రేముకి కింద, కనపడకుండా కూర్చుని, తమ్ముడు చెయ్యి చాపే చోటికి నిలువుగా విసరాలి. గారె చేతిలోంచి వదలగానే తమ్ముడు లేవాలి. ముందు గారె లేకుండా పది సార్లు చేయించు.

ఇంకోటి. వెనక వాళ్లకి ‘ఏమీ పట్టనట్టు ఉండండి’ అని చెప్పకు. అలా చెబితే ప్రతివాడూ రేషన్ కార్డు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటాడు. చేతికి నిజంగా వేడి టీ ఇవ్వు, ఊదుకుంటూ తాగుతారు.

గుణుపురం టిఫిన్ కుర్రోడు:

మేష్టారూ, అన్నా, అయిపోయింది! మంగళవారం హోటల్‌కి సెలవు, పొద్దున్నే అరుగు మీద పెట్టుకున్నాం. పొయ్యి వెలిగించలేదు, మూకుడు కడిగి తుడిచి పెట్టాం. కింద పాత దూది పరుపు రెండు మడతలు వేసి, అది కనపడకుండా ఫ్రేము కొంచెం పైకి కట్టాను. గారెలు నిన్నటివి, ఎనిమిది. మెత్తటివి రెండు పడగానే విరిగిపోయాయి, మిగతావి గట్టిగా నిలబడ్డాయి.

విసరడానికి మొదట నా ఫ్రెండు కూర్చున్నాడు. వాడు విసిరితే గారె ఒకసారి రేకు కప్పుకి తగిలింది, ఒకసారి తమ్ముడి ముక్కుకి. పక్కనించి చూస్తున్న పిన్ని ఓపిక పోయి "లెగు, నేనేస్తాను" అని కూర్చుంది. మీరు నమ్మరు, ప్రతిసారీ ఒకే ఎత్తు, ఒకే చోటు! ఇరవై ఏళ్లుగా చేటతో బియ్యం చెరుగుతున్న చెయ్యి మరి. ఆవిడ "ఊఁ" అనగానే తమ్ముడు లేచేవాడు, నేను ఒక్క క్షణం ఆగి నొక్కేవాణ్ణి.

పందొమ్మిదోదాంట్లో కుదిరింది. గారె ప్లేటుకి జానెడు దూరంలో, చిల్లులోంచి వెనక వెలుతురు కనపడుతోంది. తమ్ముడి కాళ్లు రెండూ గాల్లో, ఒక చెప్పు ఊడిపోయి వాడి వెనకాల వస్తోంది. వెనక మా ఫ్రెండ్సు ఇద్దరూ టీ ఊదుకుంటున్నారు. మూడో ఆయన మాత్రం మేం పెట్టినవాడు కాదు. నౌపడ బండికి పోవాల్సిన తాతగారొకాయన హోటల్ తెరిచి ఉందనుకుని వచ్చి కూర్చున్నారు. గ్లాసు నోటి దాకా తెచ్చి, అక్కడే ఆపి, గారె వైపు చూస్తున్నారు. ఆ చూపు ఎవరికి చెప్పి చేయించినా రాదు. ఫొటో చూపించి పోటీకి పంపుకోవచ్చా అని అడిగితే, "నా గారె ఏదిరా?" అన్నారు.

ఒక్క డౌటు. కింద రాసే వివరంలో ఇది కట్టిన సీను అని చెప్పాలా? చెబితే మార్కులు పోతాయేమోనని టెన్షన్.

బరంపురం డ్రాయింగు మేష్టారు:

చెప్పెయ్. 2009లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ అనే అడవి జంతువుల ఫొటోల పోటీలో పెద్ద బహుమతి గేటు దూకుతున్న తోడేలు ఫొటోకి వచ్చింది. తర్వాత అది మచ్చిక చేసిన తోడేలే అయ్యుంటుందని న్యాయనిర్ణేతలు తేల్చి, 2010 జనవరిలో ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసినాయన కాదన్నాడు, అయినా పోయింది. అక్కడ పెంచిన జంతువు కూడదని రూలు. మీకు సీను కట్టుకోవచ్చని రూలే ఉన్నప్పుడు దాచడమెందుకు? ‘ఇంటిల్లిపాదీ కలిసి కట్టిన సీను, గారె విసిరింది పిన్ని, తాతగారు మాత్రం అనుకోకుండా వచ్చారు’ అని రాయి. ఎడిట్ చెయ్యని ఒరిజినల్ ఫైలు కార్డులోంచి చెరపకు, అడిగితే చూపించాల్సి ఉంటుంది. ఆ ఊడిన చెప్పు ఫ్రేములోంచి పోకుండా క్రాప్ చేసుకో.