30 వేలలో పెళ్లి ఫొటోలకి ఏ ఫోన్ తీసుకోవాలి?

ఓరుగల్లు అబ్బాయి: చెల్లి పెళ్లి ఉందండి. ఫొటోగ్రాఫర్ ఉంటాడు గానీ నేనూ తీసుకోవాలని నా ఆశ. ముహూర్తం రాత్రి రెండింటికి, మండపంలో పసుపు లైట్లు, జనం కదులుతూనే ఉంటారు, ఇప్పుడున్న ఫోన్‌తో ఇలాంటి చోట తీస్తే అందరూ దెయ్యాల్లా మసకగా వస్తున్నారు. 108 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నది కొంటే సరిపోతుందా?

కెమెరా పిచ్చోడు: మెగాపిక్సెళ్ల గోల వదిలేయండి. ఆ 108 ఫోన్లు మామూలుగా తీస్తే తొమ్మిదేసి పిక్సెళ్లని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి. సెన్సర్ (వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే చిప్) సైజు చూడండి, 1/1.56 అంగుళం అని ఉంటే కింద అంకె ఎంత తగ్గితే సెన్సర్ అంత పెద్దదన్నమాట, వెలుతురు ఎక్కువ పట్టుకుంటుంది. ఓఐఎస్ (ఫోన్ వణికినా ఫొటో చెదరకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా మాత్రం ఉత్త అలంకారం.

నిద్రలేని రాత్రులు: ఓఐఎస్ మీ చేతి వణుకునే ఆపుతుంది అన్నా, తలంబ్రాలు పోసే చేతుల్ని కాదు! నైట్ మోడ్ కూడా వద్దు, అది కొన్ని ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి కదిలేవాళ్లు చెరిగిపోతారు. ప్రో మోడ్‌లో (సెట్టింగులు మనమే పెట్టుకునేది) షటర్ 1/125 సెకను పెట్టి ఐఎస్ఓ (ఫొటోని వెలిగించే సెట్టింగ్) పెంచండి, కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా మొహాలు తెలుస్తాయి.

ఓరుగల్లు అబ్బాయి: ప్రో మోడ్ నా పాత ఫోన్‌లోనూ ఉందే! ఈ రాత్రికి మా ఇంట్లో ట్యూబ్‌లైట్ ఆపి, పిల్లల్ని గెంతమని ట్రై చేస్తా. కుదిరితే 30 వేలు మిగిలినట్టే, చెల్లికి చెప్పకండి.