గేమ్ మొదలుపెట్టిన 20 నిమిషాలకే పీసీ ఆగిపోతోంది
మేముండేది చెన్నై వేళచ్చేరిలో. మూడేళ్ల నాటి గేమింగ్ పీసీ, ప్రాసెసర్‌ని (సీపీయూ) పంపుతో నీళ్లు తిప్పి చల్లబరిచే 240 ఎంఎం లిక్విడ్ కూలర్. వారం నుంచి గేమ్ మొదలుపెట్టిన 15-20 నిమిషాలకు టప్పున ఆగిపోతోంది, బ్లూ స్క్రీన్ కూడా రాదు. ఖాళీగా ఉన్నప్పుడే సీపీయూ 68 డిగ్రీలు, ఆగే ముందు 100. గ్రాఫిక్స్ కార్డు 70 దాటలేదు.

దుమ్ము దులిపాను, థర్మల్ పేస్ట్ మార్చాను, ఏసీ గదిలో సైడ్ ప్యానెల్ తీసి కూడా చూశాను. ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఒకరు ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై) మార్చమన్నారు, నాకైతే నమ్మకం కుదరలేదు. ఎందుకంటే కూలర్ పైపుల్లో ఒకటి చేయి పెట్టలేనంత వేడి, రెండోది చల్లగా ఉంది. వేడిని బయటికి వదిలే రేడియేటరూ చల్లగానే ఉంది. పీసీ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగ్స్ స్క్రీన్ బయోస్‌లో మాత్రం పంపు 2,700 ఆర్‌పీఎం చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

పంపు తిరుగుతున్నా లోపల నీళ్లు పారడం లేదని, కొత్త కూలర్ కొనే ముందు ఇంట్లోనే ఖాయంగా తేల్చుకోవడం ఎలా?